పైదవడ, అంగిలి లోపములు: వానిని సరిచేయు విధము

పాఠకులు ఒకసారి నాలుక కొనను పైపళ్ళ వెనుక ఆనించి మెల్లగా లోపలికి జరిపి చూడుడు. మొదట చిగుళ్ళ గట్టు తగులును. దాని వెనుక గట్టిగా, కొంచెము గరుకుగా తగులునది ఎముక గల అంగిలి. ఇంకను లోపలికి పోయినచో ఎముక లేని మెత్తని కండ తగులును. దాని చివర వ్రేలాడునదే కొండనాలుక. మూడు నాలుగు వ్రేళ్ళ పొడవు మాత్రమే గల ఈ భాగము నోటికి పైకప్పు, ముక్కునకు నేల. అది చెక్కుచెదరక యున్నంతవరకు దానిని గూర్చి మనము ఎన్నడును తలంపము. దానికి చిల్లు పడిననాడు మనుష్యుని తిండియు, మాటయు ఒక్కసారిగా చెడును.

మన అక్షరమాలను కూర్చిన పెద్దలు ఈ కప్పును బాగుగా ఎఱిగినవారు. కవర్గము కంఠ్యమనియు, చవర్గము తాలవ్యమనియు, టవర్గము మూర్ధన్యమనియు, తవర్గము దంత్యమనియు, పవర్గము ఓష్ఠ్యమనియు బడిలో వల్లె వేసితిమి. తాలువు అనగా అంగిలియే. ఈ వర్గములన్నిటిలో ఙ, ఞ, ణ, న, మ అనువానికి మాత్రమే గాలి ముక్కులోనుండి పోవును. తక్కినవానికి మెత్తని అంగిలి పైకి లేచి ముక్కుదారిని మూసివేయును. కప్పునకు చిల్లున్నచో ఆ మూత పడదు. ‘బాబు’ అనబోయినవాడు ‘మాము’ అనును. ‘దాదా’ అనబోయిన ‘నానా’ అని వినబడును. వినువారు నవ్వుదురు, పలికినవాడు మరల నోరు విప్పడు. భోజనమునకు కూర్చున్నచో చారు ముక్కునుండి కారును. కావున పెండ్లి పంక్తిలో కూర్చుండడు, రచ్చబండకు రాడు, మార్కెట్టు యార్డులో తన మిరపకాయల ధర తాను అడుగలేడు.

ఈ లోపము పల్నాడు జిల్లాలో మూడు దారుల వచ్చుచున్నది. కొందఱు దానితోనే పుట్టుదురు. కొందఱికి పొగాకు వలన కలిగిన పుండ్లను తొలగించుటలో వచ్చును. మఱికొందఱికి 2021వ సంవత్సరమున కోవిడ్ వెంట వచ్చిన నల్లశిలీంధ్ర వ్యాధిలో పైదవడ పోయినది. దారి ఏదైనను, చికిత్సలో రెండు సగములు కలవు. మొదటి సగము శస్త్రవైద్యునిది. రెండవ సగము దంతవైద్యునిది. మన గ్రామములలో మొదటి సగము ఎట్లో జరుగుచున్నది. రెండవది తఱచుగా నిలిచిపోవుచున్నది. ‘ప్రాణము దక్కినది గదా, ఇంకేమి’ అని ఇంటివారు సరిపెట్టుకొందురు. పంచాయతీ సభ్యులు చేయి వేయవలసిన చోటు అదియే యని మా అభిప్రాయము. అందుచే ఈ పాఠమున దానినే విరివిగా వ్రాయుచున్నాము.

పుట్టుకతో వచ్చు మొర్రి

పెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి ‘గ్రహణమొర్రి’ యందురు. తల్లి గ్రహణమునాడు ఏదో కోసినదనియో, బయటికి వచ్చినదనియో నింద వేయుదురు. ఈ నింద నిలువదు. గర్భములో శిశువు పెదవి 4వ వారము మొదలు 7వ వారము లోపుగా, అంగిలి 6వ వారము మొదలు 9వ వారము లోపుగా రెండువైపులనుండి వచ్చి కలిసికొనును. ఆ కలయిక పూర్తి కానిచో చీలిక మిగులును. అనగా చాలమంది తల్లులకు తాము గర్భవతులమని రూఢి యగునాటికే ఆ పని సగము నడచియుండును. అయిదవ నెలలోనో, ఏడవ నెలలోనో వచ్చిన గ్రహణము అప్పటికే కలిసిన పెదవిని చీల్చజాలదు. గ్రహణమే లేని నెలలలోను, గ్రహణమును పాటింపని దేశములలోను ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు. నిండు గర్భిణిని ఆ పూట చీకటిగదిలో, నీరు సైతము త్రాగనీయక పడుకోబెట్టుటయే ఆమెకు చేయు అపకారము.

నిజమైన కారణములు పలువిధములు. కొంత వంశమున వచ్చును. గర్భిణికి మధుమేహముండుట, పొగ త్రాగుట, మూర్ఛకు వాడు కొన్ని మందులు కూడ కారణములలో చేరును. మూర్ఛమందును ఎవరికివారు మానుట ప్రమాదము. బిడ్డను కోరు దశలోనే డాక్టరును అడిగి మందు మార్పించుకొనవలెను. పెక్కు సందర్భములలో ఏ కారణమును తేలదు. తల్లిదోషమని పలుకుట మాత్రము ఏ సందర్భమునను తగదు.

సుమారుగా 700 మొదలు 1,000 జననములకు ఒక బిడ్డ ఇట్లు పుట్టును. ఏటికి 800 కాన్పులు జరుగు మండలమున్నదనుకొనుడు. అచ్చట ఏటికొక బిడ్డ ఇట్లు పుట్టునని లెక్క. కావున ఇది ఏ ఊరికిని దూరపు మాట కాదు.

మొదటి కష్టము పాలు. అంగిలి చీలిన బిడ్డ రొమ్మును గట్టిగా చప్పరింపలేదు. పాలు ముక్కున వచ్చును. ‘ఈ బిడ్డ బ్రతుకదు’ అని పెద్దలు చేతులు ముడుచుకొనుట పూర్వము కలదు. తల్లిపాలనే పిండి, మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో, బిడ్డ తల పైకెత్తి నిలువుగా పట్టుకొని కొద్దికొద్దిగా పోయవలెను. నడుమ నడుమ భుజముపై వేసికొని త్రేన్పు తెప్పింపవలెను. బిడ్డ గాలి మ్రింగుట ఎక్కువ గనుక ఇది తప్పదు. బరువు పెరిగినగాని మత్తుమందు ఇచ్చుటకు వైద్యులు ఒప్పుకొనరు. అనగా ఉగ్గుగిన్నె ఈ చికిత్సలో మొదటి పనిముట్టు.

పెదవి శస్త్రచికిత్స సామాన్యముగా 3 మొదలు 6 నెలల వయస్సున జరుగును. అంగిలిని 9 మొదలు 18 నెలల నడుమ మూయుదురు. ఈ గడువు ఊరక పెట్టినది కాదు. బిడ్డ మాటలు కూర్చుకొను కాలమునకు కప్పు సిద్ధముగా ఉండవలెను. ముక్కుమాట ఒకసారి అలవాటైనచో పిదప కప్పు మూసినను ఆ అలవాటు సులభముగా విడువదు. పలుకు నేర్పు నిపుణునివద్ద నెలల తరబడి అభ్యాసము కావలెను. చెవికిని అంగిలికిని లోపల సంబంధమున్నది కావున ఈ బిడ్డలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుట సర్వసాధారణము. బిడ్డ పలుకకున్నచో చెవిని కూడ చూపవలెను.

పెదవి కుట్టిన తరువాత ముఖము చూచుటకు బాగుగా నుండును. అంతటితో పని ముగిసినదని తల్లిదండ్రులు అంగిలి ఆపరేషనునకు పోక ఆగిపోవుట మన ఊళ్ళలో కలదు. బయటికి కనబడు చీలిక కంటె కనబడని చీలికయే బిడ్డ బ్రతుకును ఎక్కువగా చెఱచునని వారికి చెప్పవలసియున్నది.

అక్కడనుండి దంతవైద్యుని వంతు. చీలిక చిగుళ్ళ గట్టు వరకు వచ్చినచో అచ్చట ఎముక ఉండదు. పన్ను మొలచుటకు చోటుండదు. 8 మొదలు 11 ఏండ్ల వయస్సున, కోరపన్ను దిగివచ్చుటకు ముందు, తుంటి ఎముకనుండి కొంత తీసి ఆ సందులో నింపుదురు. కోరపన్ను ఆ క్రొత్త ఎముకలోనికి దిగి దానిని నిలుపును. కావున పిల్లవాడు నాలుగైదు తరగతులు చదువుచున్నప్పుడు మరల ఒకసారి వైద్యునికి చూపించుట ముఖ్యము. తరువాత తీగలు కట్టి పళ్ళ వరుస సరిచేయుదురు. పైదవడ పెరుగుదల వెనుకబడి ముఖము నడుమ నొక్కుకొనిపోయినట్లున్నచో, ఎదుగుదల ముగిసిన పిమ్మట, 17, 18 ఏండ్లకు, దవడ ఎముకను కోసి ముందునకు జరిపి మరలతో బిగింతురు. పుట్టుకతో లేని పన్నునకు బదులు కట్టుడు పన్ను అమర్తురు.

నడివయస్సు వచ్చువరకు చికిత్స లేక మిగిలినవారును కొన్ని గ్రామములలో ఉందురు. వారికిని ఇప్పుడు చేయవచ్చును. మాట పూర్తిగా చక్కబడకపోవచ్చును గాని తిండి, నీరు ముక్కులోనికి పోవుట ఆగును.

పొగాకు పుండు

పొగాకు బోర్డు 1976నుండి గుంటూరులోనే యున్నది. మన ప్రాంతము ఈ పంటను ఎఱుగనిది కాదు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా – వీనిలో ఏది వాడినను నోటికి కీడు. అంగిలికి అన్నిటికంటె కీడైనది నిప్పుకొనను నోటిలో పెట్టుకొని త్రాగు ‘అడ్డపొగ’. ఉత్తరాంధ్ర తీరగ్రామములలో, ముఖ్యముగా స్త్రీలలో, ఈ అలవాటున్నది. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరునకు ఇది కారణమని డి. గోవిందరెడ్డి, వి. కె. రావు అను వైద్యులు 1957లోనే వైద్యపత్రికలో ప్రకటించిరి.

రెండు వారములు దాటినను మానని పుండు, ఎఱ్ఱని లేక తెల్లని మచ్చ, కారణము లేక కదలు పళ్ళు, నిన్నటి వరకు సరిపోయి నేడు కూర్చొనని కట్టుడు పళ్ళు – వీనిలో ఏది కనబడినను పెద్ద ఆసుపత్రికి పోవలెను. తొందరగా పోయినవానికి చిన్న ముక్కతో పోవును. ఆలస్యము చేసినవానికి సగము పైదవడ పోవును. కిరణచికిత్స మొదలుకాక మునుపే దంతవైద్యునికి నోరు చూపి, పాడైన పళ్ళను తీయించుకొనవలెను. కిరణములు తగిలిన దవడనుండి తరువాత పన్ను తీసినచో ఆ గాయము మానక ఎముక కుళ్ళవచ్చును.

నల్లశిలీంధ్రము

2021 వేసవిలో కోవిడ్ రెండవ విజృంభణ వెంట ఈ వ్యాధి వచ్చినది. ఆ జులై నాటికి దేశమందు 45 వేలకు పైగా రోగులను, 4,200కు పైగా మరణములను కేంద్రప్రభుత్వము లెక్కించెను. ఆ మే నెలలోనే రాష్ట్రప్రభుత్వము ఈ వ్యాధిని ఆరోగ్యశ్రీలో చేర్చెను. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఈ రోగులకు చికిత్స జరిగెను.

దీని బీజములు మట్టిలో, కుళ్ళిన ఆకులలో, పేడలో ఎప్పుడును ఉండును. మనమందఱము వానిని పీల్చుచునే యున్నాము. ఆరోగ్యవంతుని అవి ఏమియు చేయవు. రక్తములో చక్కెర హద్దు మీరినవానికి, స్టెరాయిడ్ మందుల వలన రోగనిరోధశక్తి తగ్గినవానికి అవి ముక్కు ప్రక్కనున్న గాలిగదులలో మొలకెత్తును. మొలకెత్తి రక్తనాళములలోనికి చొరబడి వానిని మూసివేయును. రక్తము అందని కండయు, ఎముకయు చచ్చి నల్లబడును. నల్లనిది శిలీంధ్రము కాదు. చచ్చిన మన శరీరమే. చచ్చిన భాగమునకు మందు చేరదు గనుక దానిని కోసి తీయక తప్పదు. తీసిన పిదపనే ఆంఫోటెరిసిన్ బి వంటి మందులు మిగిలినదానిని కాపాడగలవు. పలువురికి పైదవడలో సగము, కొందఱికి మొత్తము, కొందఱికి కన్ను కూడ పోయినది ఇందుచేతనే. ఇది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. అట్టివారిని ఊరివారు దూరముగా నుంచుటకు కారణమే లేదు.

కోవిడ్ తగ్గినది గాని ఈ వ్యాధి పూర్తిగా పోలేదు. కోవిడ్‌కు ముందును మధుమేహులకు వచ్చుచుండెను, ఇప్పుడును వచ్చుచున్నది. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధన మండలి సర్వే ప్రకారము దేశమందు 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. చక్కెరవ్యాధి గలవారికి ముఖములో ఒకవైపుననే నొప్పియో, తిమ్మిరియో కలిగినను, ముక్కునుండి నల్లని చెక్కులు వచ్చినను, అంగిలిపై నల్లమచ్చ కనబడినను, ఒకవైపు పైపళ్ళు ఒక్కసారిగా కదలినను, కన్ను వాచి ఒకటి రెండుగా కనబడినను ఆ దినమే పెద్ద ఆసుపత్రికి పోవలెను. ‘పన్ను కదలుచున్నది, పీకించుకొందము’ అని సంతలోని పళ్ళవాని యొద్దకు పోయి నాలుగు దినములు పోగొట్టుకొనుట మిక్కిలి ప్రమాదకరము. ఈ వ్యాధిలో దినములు కాదు, పూటలు లెక్క.

మిగిలిన సగము

గురజాల ప్రాంతపు రైతు ఒకనిని ఊహింతము. ఆపరేషను జరిగినది, మందులు ముగిసినవి, చక్కెర అదుపులోనికి వచ్చినది. ఇంటికి వచ్చినాడు. పైపళ్ళు ఒకవైపున లేవు. అంగిలిలో నిమ్మకాయ పట్టునంత చిల్లు. బట్ట ముక్కనో, దూదినో అందులో కూరుకొని గంజి త్రాగుచున్నాడు. ఇతనికి ఏమి చేయవచ్చును?

అన్నిటికంటె పాతదియు, నేటికిని ఎక్కువగా వాడబడునదియు అంగిలి పలక. దీనిని వైద్యులు ఆబ్ట్యురేటర్ అందురు. 16వ శతాబ్దమున ఆంబ్రాజ్ పారే అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు లోహపు పలకకు స్పంజి ముక్కను బిగించి అంగిలి చిల్లునకు పెట్టెను. తడిసిన స్పంజి ఉబ్బి పలకను నిలిపెడిది. నేటి పలక అక్రిలిక్‌తో చేసినది. క్రిందివైపు కట్టుడు పళ్ళు, పైవైపు చిల్లులోనికి సరిగా దూరు ఉబ్బు ఉండును. బరువు తగ్గుటకు ఆ ఉబ్బును లోపల డొల్లగా చేయుదురు. మిగిలియున్న సొంత పళ్ళకు తీగకొక్కెములు పట్టించి దానిని నిలుపుదురు. అందుచే ఆ మిగిలిన పళ్ళు ఇంటికి మిగిలిన స్తంభముల వంటివి. వానిలో ఒక్కటి పుచ్చి పోయినను పలక నిలుచుట కష్టమగును.

పలక మూడు దఫాలుగా తయారగును. ఆపరేషను బల్లమీదనే అమర్చునది మొదటిది. అది కట్టును నిలిపి, రోగి ముక్కుగొట్టము లేకనే త్వరగా మ్రింగుటకు సాయపడును. వారము పది దినములకు దానిని మార్చి తాత్కాలికమైనది పెట్టుదురు. గాయము మాని, కండ ముడుచుకొనుట ఆగిన పిదప, సామాన్యముగా 3 మొదలు 6 నెలలకు, శాశ్వతమైనది చేయుదురు. ఇక్కడ సభ్యులు గుర్తింపవలసిన విషయమొకటి కలదు. మొదటి పలక కావలెనన్నచో ఆపరేషనునకు ముందే దంతవైద్యుడు నోటి అచ్చు తీసికొనవలెను. తొందరలో ఈ పని మరచిపోవుట కద్దు. రోగి వెంట పోవు పెద్దమనిషి ‘అయ్యా, పళ్ళ డాక్టరుగారు చూచిరా?’ అని ఒక్క మాట అడిగినచో చాలును.

రెండవది, చిల్లును రోగి శరీరపు కండతోనే మూయుట. చిన్నదానికి చెంపలోని క్రొవ్వునో, అంగిలి ప్రక్క చర్మమునో త్రిప్పి కుట్టుదురు. పెద్దదానికి కణతకండను దింపుదురు. పైదవడయే పోయినచో మోకాలి క్రింద ప్రక్కగా నుండు సన్నని ఎముకను, దానికి రక్తమిచ్చు నాళములతో సహా తీసి, దవడ రూపమున మలచి, దాని నాళములను మెడలోని నాళములకు సూక్ష్మదర్శిని క్రింద కుట్టుదురు. కాలి బరువు మోయునది పెద్ద ఎముక గనుక రోగి మరల నడువగలడు. కుట్టిన సన్నని నాళము మూసుకొనిపోయినచో పెట్టిన ఎముక చచ్చును. కావున మొదటి కొన్ని దినములు గంట గంటకు కనిపెట్టియుండవలెను. ఆ ఎముక అతికిన కొన్ని నెలలకు దానిలో టైటానియము మరలు దింపి, వానిపై పళ్ళు బిగింతురు. టైటానియము ఎముకతో ఏకమై అతుకుకొనునని స్వీడను దేశపు బ్రానెమార్క్ 1952లో కనుగొని, 1965లో మొదటిసారిగా మనుష్యుని దవడలో పళ్ళకు ఆధారముగా అమర్చెను.

మూడవది, పైదవడ ఎముక లేకున్నను చెక్కిలి ఎముక మిగిలియున్నవారికి. రెండు మూడు అంగుళములలోపు పొడవు గల టైటానియము మరలను చిగుళ్ళ చోటునుండి చెక్కిలి ఎముకలోనికి దింపి పళ్ళను నిలుపుదురు. నల్లశిలీంధ్రపు రోగులలో పలువురికి దేశమందు ఈ విధముగా చేసిరి. కొందఱికి స్కాను చూచి కొలతకు తగినట్లు లోహపు దవడనే చేయించి పెట్టిరి. ఈ పద్ధతులు ఖర్చుతో కూడినవి, అందఱికిని తగినవి కావు. చక్కెర అదుపున లేనివానికి, శిలీంధ్రము పూర్తిగా పోయినదని స్కానులో తేలనివానికి వైద్యులు చేయరు, చేయరాదు కూడ.

పలక తక్కువరకపు చికిత్స, ఎముక పెట్టుట గొప్ప చికిత్స యని కొందఱు తలంతురు. మేమట్లు తలంపము. బాగుగా అమరిన పలకతో మనుష్యుడు ఆ దినమే ‘బాబు’ అని స్పష్టముగా పలుకగలడు. క్యాన్సరు రోగి విషయమున పలకకు ఇంకొక మేలు కలదు. దానిని తీసి లోపల దీపము వేసి చూచినచో వ్యాధి తిరిగి వచ్చినదా యని వైద్యుడు కంటితో చూడగలడు. కండతో మూసిన చోట ఆ వీలు తక్కువ. పైదవడ మొత్తము పోయి, పలక పట్టుటకు ఒక్క పన్నైనను మిగులనివానికి మాత్రము పలక సరిగా నిలువదు. అతనికి ఎముకయో, మరలో అవసరము. ఏది ఎవరికి తగునో శస్త్రవైద్యుడును దంతవైద్యుడును కూర్చుండి నిర్ణయింపవలెను.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములతో కూడిన ఆరోగ్యము, పారిశుద్ధ్యము 23వ అంశము. వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము 26వ అంశము. కావున ఈ పని పంచాయతీకి పరాయిది కాదు.

మొట్టమొదట ఊరిలో ఇట్టివారెందఱో తెలియవలెను. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త కలిసి ఒక వారములో చెప్పగలరు. 2021లో ఆపరేషను చేయించుకొని పలక లేక ఇంటనే యుండినవారిని ప్రత్యేకముగా విచారింపవలెను. వారు తమంత తాము బయటికి రారు. ఈ జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదువరాదు. నోటి లోపమును పది మందిలో చెప్పించుకొనుట ఎవరికిని ఇష్టము కాదు. సభ్యుడొకడు ఇంటికి పోయి మాటలాడుటయే మేలు.

పిల్లల విషయమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కలదు. పెదవి, అంగిలి మొర్రి అందులో చేర్చబడిన లోపములలో నొకటి. సంచారవైద్యబృందము అంగన్‌వాడీలకును, బడులకును వచ్చును; అక్కడనుండి జిల్లా స్థాయి సత్వరచికిత్సా కేంద్రమునకు పంపుదురు. 1999లో స్థాపింపబడిన స్మైల్ ట్రైన్ వంటి సంస్థలు కొన్ని ఆసుపత్రులలో మొర్రి శస్త్రచికిత్సలకు ధనమిచ్చుచున్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచున్న రాష్ట్రపథకములో శస్త్రచికిత్సలు చేరియున్నవి. పలక, పళ్ళు, మరలు ఎంతవరకు చేరునో ఆసుపత్రిలోని పథకపు బల్లవద్ద ముందుగా అడిగి తెలిసికొనవలెను. పలక విషయమున విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలను, గుంటూరు దగ్గఱి తక్కెళ్ళపాడులోని సిబార్ దంతవైద్య కళాశాలను విచారింపవచ్చును. దంతకళాశాలలలో కృత్రిమ దంతములకు ప్రత్యేకశాఖ ఉండును. పలకలు చేయువారు వారే.

ఉచితశిబిరములను గూర్చి ఒక మాట. శిబిరము మంచిదే. కాని ఆపరేషను చేసిన బృందము మఱునాడే వెడలిపోయినచో, కుట్టు ఊడిన బిడ్డను ఎవరు చూతురు? శిబిరమునకు అనుమతి కోరి వచ్చినవారిని ‘ఆరు నెలల తరువాత ఈ బిడ్డను మేము ఎవరి యొద్దకు తీసికొనిరావలెను?’ అని సర్పంచు అడుగవలెను. దానికి పేరుతో సహా జవాబు చెప్పగలవారినే నమ్మవచ్చును.

మాచర్లనుండి గుంటూరునకు నూఱు కిలోమీటర్లు మించిన దారి. పలకకు నాలుగైదు సార్లు పోయిరావలెను. మొదటిసారి అచ్చు, రెండవసారి కొలత, తరువాత సరిచూచుట. కూలిపోగొట్టుకొని ఇన్నిసార్లు తిరుగలేక రెండవసారికే మానినవారు కలరు. పలకలు అందకపోవుటకు వైద్యము లేకపోవుట కంటె ఈ ప్రయాణమే పెద్ద కారణమని మా నమ్మకము. గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీకి వచ్చు స్వేచ్ఛానిధిని నిఱుపేద కుటుంబపు వైద్యావసరమునకు అసాధారణ సందర్భమున వాడుటకు నియమములలో వీలున్నది. వైద్యాధికారిని సంప్రదించి అట్లు చేయవచ్చును. ప్రక్క ఊళ్ళలోని ఇద్దఱు ముగ్గురిని కలిపి ఒకే దినమున పంపుటయు మంచిది. డిశ్చార్జి కాగితము, స్కాను చిత్రములు, మందుచీటీలు ఒక సంచిలో ఉంచి ప్రతిసారి వెంట పంపవలెను. అవి లేనిచో పరీక్షలన్నియు మరల మొదటినుండి చేయవలసివచ్చును.

బడిలో పిల్లవానిని ‘మొర్రి’ యని పిలుచుట ప్రధానోపాధ్యాయుడు ఆపింపవలెను. ఆ పేరు వినలేక చదువు మానినవాడు పదేండ్ల వయస్సున జరుగవలసిన ఎముక ఆపరేషనునకు గూడ కనబడకుండ పోవును.

పలక వచ్చిన తరువాత

పలకను ప్రతి భోజనానంతరము తీసి మెత్తని బ్రష్షుతో కడుగవలెను. చిల్లును కూడ గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి శుభ్రపఱచవలెను. మరుగునీటిలో వేసినచో అక్రిలిక్ వంకరపోవును. వైద్యుడు వేఱుగా చెప్పనిచో రాత్రి తీసి చల్లని నీటిలో ఉంచవలెను. ఎండిపోనీయరాదు. మిగిలిన పళ్ళను రెండు పూటల తోమవలెను. చక్కెర పరీక్ష మానరాదు.

ఆపరేషనో, కిరణచికిత్సయో అయినవారికి నోరు క్రమముగా మూసుకొనిపోవుట కలదు. రెండు వ్రేళ్ళు పట్టనంతగా మూసినచో పలక పెట్టుటయే వీలుకాదు. కావున వైద్యుడు చూపిన విధముగా దినమునకు పలుమార్లు నోరు సాగదీయు అభ్యాసము చేయవలెను. మాట కొఱకు మొదట ‘పాప’, ‘బాబు’, ‘తాత’, ‘కాకి’ వంటి పదములు అద్దమును ముక్కు క్రింద పట్టుకొని పలికింపవలెను. అద్దము మీద ఆవిరి పట్టినచో గాలి ఇంకను ముక్కున పోవుచున్నదని గుర్తు.

కాలక్రమమున కండ మారి పలక వదులగును. నీరు మరల ముక్కులోనికి వచ్చుట మొదలైనచో ఇంటిలో ఆకురాయితో అరగదీయక, దూది చుట్టక, పలకను చేసినవారి యొద్దకే పంపవలెను. క్రొత్త అక్రిలిక్ పూత వేసి దానిని మరల బిగుతు చేయుదురు.